పెద్దమ్మ పరిచిన రెక్క

మా పెద్దమ్మని ఎవరైనా ఏం పని చేస్తారని అడిగితే "రెక్కలు చేస్తా" అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు. అవతలి మనిషి ముఖంలో మారే రంగులు చూడడం ఆవిడకి సరదా. ఒకసారి మా నాన్న వైపు చుట్టం ఒకాయన వచ్చి, కాసేపు కూర్చుని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "మా ముందుగదిలో ఫ్యానుకి ఒక రెక్క వంగిపోయిందమ్మా, తిరిగితే టకటకమంటోంది. కాస్త చూసిపెడతావా?" అన్నాడు.

పెద్దమ్మ నవ్వలేదు. ఎంతో మర్యాదగా, "మా రెక్క మీ ముందుగదిలో పట్టదు అన్నయ్యా. మీ వీధిలో పడుకోబెట్టినా సగం ఇళ్ళవాళ్ళు తలుపులు తీసుకోలేరు" అంది. ఆయన మెట్లు దిగిపోయాక మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆవిడ చేసేది గాలిమరల రెక్కలు. గాలికి తిరుగుతూ కరెంటు పుట్టించే ఆ పెద్ద స్తంభాలకి మూడేసి రెక్కలుంటాయే, అవి. దూరం నుంచి చూస్తే కాగితం ముక్కల్లా ఉంటాయి. దగ్గరికి వెళ్తే, మొదలు దగ్గర మనిషి నిటారుగా నిలబడి లోపలికి నడిచి పోవచ్చు.

పుట్టుకతోనే ఆ పనిలో ఉన్న మనిషి కాదు. మా అమ్మకి స్వయానా అక్క. మేం కింద వాటాలో ఉండేవాళ్ళం, పెద్దమ్మా పెద్దనాన్నా పై వాటాలో. వాళ్ళకి పిల్లలు లేరు కాబట్టి రెండు వాటాల గారాబమూ, రెండు వాటాల మొట్టికాయలూ నాకే దక్కేవి. వీధి మలుపులో వాళ్ళకి ఇస్త్రీ కొట్టు ఉండేది. ఎదురుగా ఉన్న హోటల్ నుంచి దుప్పట్లు, బల్లల మీద పరిచే బట్టలు, పనివాళ్ళ యూనిఫారాలు మూటలు మూటలుగా వచ్చేవి. పెద్దమ్మ దుప్పటి దులిపితే ఫటుక్కుమని వీధంతా వినిపించేది. చెరో చివరా పట్టుకుని లాగడం, మడతపెట్టడం, మళ్ళీ లాగడం. ఇద్దరూ మాట్లాడుకోకుండానే చేసేవాళ్ళు.

తర్వాత హోటల్ మూతపడింది. ఆ వెనకే ఇస్త్రీ అక్కర్లేని బట్టలు వచ్చిపడ్డాయి. పెద్దనాన్న కొట్టులో కూర్చుని పేపర్లో పెళ్ళి ప్రకటనలు కూడా వదలకుండా చదివే స్థితికి వచ్చాడు. పెద్దమ్మకి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. ఊరి బయట కొత్తగా లేచిన ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారని, అనుభవం లేకపోయినా నేర్పిస్తారని విని ఒకరోజు పొద్దున్నే చీర కుచ్చిళ్ళు గట్టిగా దోపుకుని బయల్దేరింది. అప్పటికి ఆవిడకి నలభై దాటింది.

"ఏం అడుగుతారో ఏమో" అంది మా అమ్మ.

"ఏం అడిగినా బట్ట పనేనట. బట్ట గురించి నన్ను అడిగేవాడు ఇంకా పుట్టలేదు" అంది పెద్దమ్మ.

అక్కడ బోర్లించిన పడవలాంటి చెక్క దిమ్మ ఒకటి పెట్టారు. దాని మీద తెల్లగా మెరిసే గాజు బట్ట పరచమన్నారు. గాజుని సన్నటి దారాలుగా తీసి నేసిన బట్ట అది. చూడడానికి పట్టులా ఉంటుంది, ముట్టుకుంటే చేతులు దురదపెడతాయి. పని నేర్పే ట్రెయినర్ పాతికేళ్ళ పిల్ల. పక్కన నిలబడి చూస్తోంది. పెద్దమ్మ ఆ బట్ట అందుకుంది. ఫటుక్కున దులిపింది. రెండు చివరలూ పట్టుకుని బిగించి లాగింది. అరచేత్తో సర్రున ఒక్క తోపు తోసింది. అద్దంలా కూర్చుంది. చప్పట్లు కొడతారేమోనని చూస్తూ నిలబడిందట.

ట్రెయినర్ పిల్ల వంగి, దిమ్మ వంపు తిరిగిన చోట ఒక వేలు పెట్టి నొక్కింది. బట్ట లోపలికి దిగింది.

"ఇక్కడ బోలుగా ఉంది అక్కా. మీరు బిగించి లాగారు కదా, వంపు మీద ఆనకుండా వంతెనలా నిలబడింది. దీని కింద గాలి చేరుతుంది. రెక్క ఇక్కడే చీలుతుంది. ఈ దారాలు చూడండి, తిన్నగా ఉండాల్సినవి పక్కకి జరిగాయి. ఇది లాగే బట్ట కాదు. పడుకోబెట్టే బట్ట."

"పడుకోబెట్టడమా?"

"నిద్రలో ఉన్న చంటిపిల్లని పక్క మీదకి దించుతామే, అలాగ."

పెద్దమ్మకి తల కొట్టేసినట్టయింది. కానీ నోరు జారలేదు. బట్ట మొత్తం తీసేసి, "మళ్ళీ వేస్తాను, చూడు" అంది. రెండోసారీ సరిగ్గా రాలేదు. మూడోసారి కాస్త నయం. చీకటి పడకముందే ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే, "ఇన్నేళ్ళూ బట్టల్ని కొట్టి లాగి బతికాను. ఇప్పుడు జోకొట్టమంటున్నారు" అంది.

ఉద్యోగం మాత్రం వచ్చింది. ఎందుకు తీసుకున్నావని ఆ ట్రెయినర్ పిల్లని తర్వాత ఎప్పుడో అడిగిందట. "మీరు పరిచింది చూసి కాదు అక్కా. తప్పు చెప్తే మొహం మాడ్చుకోకుండా మళ్ళీ వేస్తానన్నారు. అందుకు" అందట ఆ పిల్ల.

చేతులకి అలవాటైన పని మానిపించడం ఎంత కష్టమో ఆ రోజుల్లో మా ఇంట్లో అందరం చూశాం. పెద్దమ్మ ఇంట్లో సాధన మొదలుపెట్టింది. సోఫా మీద, కుర్చీల మీద, బోర్లించిన బిందెల మీద పాత దుప్పట్లు లాగకుండా పరచడం, ఒక చివర నుంచి మెల్లగా వదులుతూ పోవడం. ఆదివారం మధ్యాహ్నాలు పెద్దనాన్న పడక్కుర్చీలో కునుకు తీస్తుంటే ఆయన మీద పరిచేది. ఆయన లేస్తే పని చెడినట్టు. మొదట్లో ప్రతిసారీ ఉలిక్కిపడి లేచి, "బతికే ఉన్నానే, ఎందుకు కప్పుతున్నావ్!" అని అరిచేవాడు. కొన్నాళ్ళకి గురక ఆగకుండా దుప్పటి ఆయన ముక్కుకీ, పొట్టకీ, మోకాళ్ళకీ చర్మంలా అతుక్కుని కూర్చుంది. మమ్మల్నందర్నీ పైకి పిలిచి మరీ చూపించింది.

ఫ్యాక్టరీలో ఆవిడకి 'ఇస్త్రీ అక్క' అని పేరు పడింది. మొదట వెక్కిరింపుకే పెట్టారు. ఎవరైనా బట్ట గట్టిగా లాగితే "ఏంటి, ఇస్త్రీ చేస్తున్నావా?" అని నవ్వుకునేవాళ్ళట. ఏడాది తిరిగేసరికి అదే పేరు గౌరవంగా మారింది. వంపు మీద మొండికేసిన బట్ట ఉంటే "ఇస్త్రీ అక్కని పిలవండి" అనడం మొదలైంది.

ఆ పని ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. రెక్కకి రెండు అచ్చులుంటాయి, చింతకాయని నిలువునా చీల్చినట్టు. ఒక్కో అచ్చూ పొడుగాటి తొట్టి. అందులోకి మేజోళ్ళతో దిగాలి. పైనుంచి పచ్చటి లేజరు గీతలు పడుతుంటాయి, బట్ట అంచు ఎక్కడ ఉండాలో చూపిస్తూ. ఆ గీత వెంట పొర మీద పొర పరుచుకుంటూ పోతారు. మధ్యలో తేలికపాటి చెక్క పలకలు పేరుస్తారు, మళ్ళీ పైన పొరలు. అన్నీ అయ్యాక పైన ప్లాస్టిక్ దుప్పటి కప్పి, అంచులు మూసేసి, లోపలి గాలంతా లాగేస్తారు. అప్పుడు ఆ హాల్లో మాటలు ఆగిపోతాయి. ఎక్కడైనా పిన్నీసు మొన అంత కంత ఉన్నా సన్నగా సుయ్‌మంటుంది. అందరూ మోకాళ్ళ మీద పాకుతూ చెవులు అచ్చుకి ఆనించి వింటారు. "ఎక్కడ?" "ఇక్కడ కాదు." "ఉండండి, ఊపిరి పీల్చకండి." అలా దొరికిన కంతకి జిగురు పట్టీ వేసి మూస్తారు.

ఆ తర్వాత రెజిన్ వదులుతారు. చిక్కటి తేనెలా ఉండే జిగురు అది. దాన్ని కలిపే మనిషిని అందరూ 'జిగురు బాబాయ్' అంటారు. గొట్టాల్లోంచి వచ్చి తెల్లటి బట్టని తడుపుకుంటూ, ముదురు రంగు చేస్తూ, మెల్లగా ముందుకు పాకుతుంది. వెనక్కి తీసుకునే వీలు లేదు. కింద ఏ పొరలో ముడత ఉన్నా ఇక అది రాయిలా గడ్డకడుతుంది. గడ్డకట్టాక రెండు సగాలనీ అతికించి, అచ్చులోంచి క్రేన్లతో లేపుతారు. నున్నగా గీకి తెల్ల రంగు వేస్తారు. ఇక ఏ పొర ఎవరు పరిచారో బయటికి కనబడదు.

"అంత కష్టపడితే చివరికి రంగు వేసేసి మూసేస్తారా?" అని నేను ఓసారి జాలిపడ్డాను.

"మన ఇంటి పునాది నీకు కనబడుతోందా? పడుకుని నిద్రపోవడం లేదూ?" అంది.

ఆరేడేళ్ళు గడిచాయి. పెద్దమ్మ ఒక అచ్చు మీద పనిచేసే జట్టుకి పెద్ద అయింది. అప్పుడొచ్చింది కొత్త అచ్చు. అప్పటిదాకా చేసినవాటి కంటే చాలా పొడుగైన రెక్క కోసం. దాన్ని ముక్కలు ముక్కలుగా తెచ్చి కూర్చడానికే నెలలు పట్టింది. హాలు వెనక గోడ పగలగొట్టి ఇంకాస్త పొడిగించారు. కొత్త రెక్క నిలబడితేనే ఫ్యాక్టరీకి మళ్ళీ చేతినిండా పని. నిలబడకపోతే లేదు, పాత రెక్కలు అడిగేవాళ్ళు అప్పటికే తగ్గిపోతున్నారు. ఎవరూ పైకి అనకపోయినా అందరికీ ఆ సంగతి తెలుసు.

మొదటి రెక్క ఎవరి జట్టు చెయ్యాలన్నప్పుడు పెద్దమ్మ పేరు చెప్పారు. ఆ రెక్క గీసిన డిజైన్ ఇంజనీరు కూడా ఆడమనిషే. ముప్పై ఏళ్ళుంటాయేమో, పొట్టి జుట్టు, ఎప్పుడూ జేబులో పల్లీలు. పని జరిగినన్నాళ్ళూ అచ్చు పక్కనే తిరిగింది. పెద్దమ్మ మొదట్లో విసుక్కుంది.

"ఏమ్మా, మా మీద నమ్మకం లేదా?"

"నా మీదే నాకు లేదు. ఇంత పొడుగుది నేనెప్పుడూ గీయలేదు" అంది ఇంజనీరు.

అది విన్నాక పెద్దమ్మ ఆవిడకి ఒక జత మోకాలి దిండ్లు ఇచ్చి అచ్చులోకి దిగమంది. బట్ట ఎలా వంగుతుందో, ఎక్కడ మొరాయిస్తుందో ఇంజనీరు చేత్తో ముట్టుకుని చూసింది. ఎక్కడ ఎంత బరువు పడుతుందో, ఆ పొర ఎందుకు అక్కడే ఆగాలో పెద్దమ్మకి చెప్పింది. అన్నేళ్ళుగా పరుస్తున్న పొరల వెనక ఏ ఆలోచన ఉందో పెద్దమ్మకి అప్పుడే మొదటిసారి తెలిసింది. ఇంటికొచ్చి అన్నం కలుపుతూ కంచంలోనే వేలితో గీసి మాకు చెప్పేది. "గాలి ఇటు నుంచి నెడుతుంది. ఇక్కడ పీకుతుంది, ఇక్కడ నొక్కుతుంది." పెద్దనాన్న, "ముందు తిను, పెరుగు రెక్కలోకి కారిపోతోంది" అనేవాడు.

ఆ రెక్క అచ్చులోంచి లేచిన రోజు ఫ్యాక్టరీలో అన్ని విభాగాల వాళ్ళూ పని ఆపి వచ్చారట. క్రేన్లు మెల్లగా లేపుతుంటే చివర సన్నగా ఊగింది. లేచింది బాగానే లేచింది. తట్టి చూశారు, యంత్రాలు పెట్టి చూశారు. ఎక్కడా బోలు లేదు. జిగురు బాబాయ్ రెక్కని చేత్తో నిమిరి, "మన జన్మకి ఇది చాలు అక్కా" అన్నాడు. పెద్దమ్మ ఇంటికి వచ్చేటప్పుడు వీధి మొదటి నుంచే నవ్వుకుంటూ వచ్చింది.

మర్నాడు అదే మనిషి ఒంటికాలి మీద లేచింది.

జరిగిందేమిటంటే, ఆ మొదటి రెక్క ఏ గాలిమరకీ ఎక్కదట. పరీక్షలు చేసే చోటుకి పంపుతారట. అక్కడ దాన్ని గోడకి బిగించి, తాళ్ళు కట్టి, వంచుతారు. నెలల తరబడి ఊపుతారు. మళ్ళీ వంచుతారు. చివరికి విరిగేదాకా లాగుతారు. పాతవాళ్ళకి ఈ సంగతి తెలుసు, ప్రతి కొత్త అచ్చుకీ అలాగే చేస్తారు. పెద్దమ్మ చేరాక కొత్త అచ్చు రావడం అదే మొదటిసారి. పైగా ఎవరికి వారు, ఆవిడకి చెప్పే ఉంటారులే అనుకున్నారు.

నేరుగా ఇంజనీరు గదికి వెళ్ళింది.

"విరగ్గొట్టడానికా మాతో అంత శ్రద్ధగా చేయించావు? ముందే చెప్తే చేతికొచ్చిన పొర పరిచేవాళ్ళం కదా! ఆ తర్వాత మంచిది చేసేవాళ్ళం!"

"అందుకే కదా పెద్దమ్మా ఇది పంపేది" అంది ఇంజనీరు. ఆవిడ కూడా అప్పటికి పెద్దమ్మా అనే పిలుస్తోంది. "నాసిరకంది పంపి అది నిలబడకపోతే మనకేం తెలుస్తుంది? బాగా చేసింది ఎంతవరకు నిలబడుతుందో తెలిస్తేనే దాని చెల్లెళ్ళని పైకి ఎక్కించగలం. వాటి కింద మనుషులు తిరుగుతారు."

పెద్దమ్మ కుర్చీ లాక్కుంది.

"అక్కడ వంచేది మీ ఒక్కరి చేతుల్నే కాదు. నా బుర్రని కూడా. నాకు వారం నుంచి అన్నం సయించడం లేదు" అని జేబులోంచి పల్లీలు తీసి బల్ల మీద పోసింది. "ఇవే గతి."

ఇద్దరూ కూర్చుని ఆ పల్లీలు తిన్నారట. లేచేటప్పుడు పెద్దమ్మ, "నేనూ వస్తాను. నా కళ్ళతో చూస్తాను" అంది. ఫ్యాక్టరీ వాళ్ళు కాదనలేదు. పెద్దమ్మనీ, జిగురు బాబాయినీ ఇంజనీరుతో పాటు రైలెక్కించారు.

ఆ పరీక్ష హాలు విమానాలు పెట్టుకునేంత ఉందని చెబుతుంది పెద్దమ్మ. ఒక చివర ఇల్లంత కాంక్రీటు దిమ్మ. దానికి రెక్క మొదలుని బోల్టులతో బిగించారు. మిగతా రెక్కంతా గాల్లో అడ్డంగా చాచి ఉంది. దాని ఒంటి మీద అక్కడక్కడ చెక్క పట్టీలు తొడిగి, వాటికి లావుపాటి తాళ్ళు కట్టారు. చుట్టూ వైర్లు. "ఆసుపత్రిలో మనవాళ్ళని చూసినట్టుంది" అందట జిగురు బాబాయ్. "నోర్ముయ్యి బాబూ" అందట పెద్దమ్మ.

ఆ హాలుకి పెద్ద ఒక తెల్లమీసాల ఆయన. మాట పొదుపు. అందర్నీ అద్దాల గదిలోకి పంపి తలుపు వేయించాడు. తాళ్ళు లాగడం మొదలైంది. రెక్క చివర మెల్లగా పైకి లేచింది. లేస్తూనే ఉంది. మనం చేత్తో ప్లాస్టిక్ స్కేలు వంచినట్టు వంగుతోంది. లోపల్నుంచి చిటపటమని చిన్న చిన్న శబ్దాలు.

"అవేంటి?" అంది పెద్దమ్మ.

"సర్దుకుంటోంది. మామూలే" అంది ఇంజనీరు. అంటూనే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

సగం దాటింది. ముప్పావు దాటింది. రెక్క చివర హాలు కప్పుని అందుకునేట్టు ఉంది. అప్పుడు ఠాప్‌మని పెద్ద చప్పుడయింది. అద్దాలు అదిరాయి. తాళ్ళన్నీ ఆగిపోయాయి.

పెద్దమ్మకి తన పొరలన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగాయట. మొదలు దగ్గర ఆ గుండ్రటి వంపు... అక్కడేనా? చివర సన్నబడే చోట, మధ్యాహ్నం జట్టులో ఒకమ్మాయికి జ్వరమొచ్చి వెళ్ళిపోతే తానే దిగి పరిచింది... అదా? పక్కకి చూస్తే ఇంజనీరు పెదాలు కదులుతున్నాయి. ఆవిడ లెక్కలు ఆవిడవి. ఒకరి మీద ఒకరు నేరం మోపుకోవాలని ఇద్దరికీ తోచలేదు. ఎవరికి వారు తప్పు తనదే అనుకుంటున్నారు.

తాళ్ళు వదిలి రెక్కని కిందికి దించారు. మీసాల ఆయన ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, మొదలు నుంచి చివరి దాకా తడుముతూ, తడుతూ నడిచాడు. ఒకచోట ఆగాడు. వంగాడు. లేచి వచ్చి తలుపు తీశాడు.

"తాడు కట్టిన మా చెక్క పట్టీ చీలింది. మీ రెక్కకి ఏమీ కాలేదు" అన్నాడు.

జిగురు బాబాయ్ అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. ఇంజనీరు ఏడుస్తూ నవ్వింది. పెద్దమ్మ మాత్రం కొంగు బిగించి, "అయితే గట్టి చెక్క వేసి లాగండి. మేం ఇక్కడే ఉంటాం" అంది. మీసాల ఆయన మీసాల కింద నవ్వాడట. ఆ రోజు మొత్తానికి ఆయన నవ్వింది అదొక్కసారే.

కొత్త పట్టీ వేసి మళ్ళీ లాగారు. ఈసారి కావలసినంత దాకా వంగింది. అక్కడ ఆపి, అలాగే పట్టి ఉంచారు. రెక్క వంగి, అలాగే నిలబడి ఉంది. పెద్దమ్మకి అది బరువెత్తే మనిషిలా కనబడిందట, ముఖం చిట్లించకుండా, వణక్కుండా. తర్వాత మెల్లగా దింపారు. ఎక్కడి నుంచి లేచిందో మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది.

ముట్టుకోవచ్చా అని అడిగింది పెద్దమ్మ. ముట్టుకోమన్నాడు మీసాల ఆయన. రెక్క పొడవునా అరచెయ్యి ఆనించి నడిచింది. లోపల పొర విడితే రంగు కింద తేడా తెలుస్తుంది. ఎక్కడా లేదు. చివరికి వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే మీసాల ఆయన నిలబడి ఉన్నాడు.

"మంచి రెక్క" అన్నాడు. అంతే.

ఇంటికొచ్చి ఆ రెండు మాటలూ మాకు రెండు వందలసార్లు చెప్పింది. ఆయన గొంతు కూడా పెట్టి చెప్పేది.

అయితే కథ అక్కడితో అవలేదు. ఇక ఊపడం మొదలైంది. రెక్కకి ఒక యంత్రం తగిలించి పగలూ రాత్రీ ఆపకుండా పైకీ కిందికీ ఊపుతారు. గాలిలో ఎన్నో ఏళ్ళు పడాల్సిన పాటు కొన్ని నెలల్లోనే పడేట్టు. పెద్దమ్మ ఇక్కడ పనిలో ఉంది, మనసు అక్కడ. ఇంజనీరుకి ఫోన్ చేస్తే, "ఊగుతోంది పెద్దమ్మా" అనేది. మా ఇంట్లో అదే పలకరింపు అయిపోయింది. పెద్దనాన్న మెట్లు ఎక్కుతూ "ఊగుతోందా?" అనేవాడు. "ఊగుతోంది" అనేది పెద్దమ్మ. పాలవాడు కూడా గిన్నెలో పాలు పోస్తూ "ఊగుతోందామ్మా?" అని అడిగే దాకా వచ్చింది. ఏం ఊగుతోందో అతనికి తెలియదు, ఊగడం మంచిదని మాత్రం తెలుసు.

ఊగింది. పూర్తిగా ఊగింది. మళ్ళీ వంచారు, మళ్ళీ నిలబడింది. ఫ్యాక్టరీలో మిఠాయిలు పంచారు. కొత్త అచ్చులు ఇంకో రెండు తెప్పించారు. మనుషుల్ని తీసుకున్నారు. ఇక మిగిలింది విరిగేదాకా లాగడం. చూడడానికి వస్తారా అని పెద్దమ్మని అడిగారు. ఆవిడ ఒక పూట ఆలోచించి, "నాకిక్కడ అచ్చులో పని ఉంది. ఎంత దాకా నిలబడిందో చెప్పండి చాలు" అంది.

దాన్ని విరగ్గొట్టిన రోజు మధ్యాహ్నం అచ్చులోనే ఉంది. ఇంజనీరు ఫోన్ చేసింది.

"తట్టుకోవాల్సిన బరువు కంటే చాలా ఎక్కువ దాకా ఆగి విరిగింది పెద్దమ్మా. నేను విరుగుతుందనుకున్న చోటే విరిగింది. మీ పొరలు విడలేదు."

"నువ్వు అన్నం తిన్నావా?" అంది పెద్దమ్మ.

"తింటాను ఇప్పుడు."

ఫోన్ పెట్టేసి తన జట్టుకి చెప్పింది. అందరూ అరిచారు, చప్పట్లు కొట్టారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, సగం పరిచిన బట్ట చివర అందుకుని, "పట్టుకోండి, పచ్చగీత దాటిపోతోంది" అంది.

విరిగిన రెక్కలోంచి కోసిన ఒక చిన్న దిమ్మని ఇంజనీరు తెచ్చి ఇచ్చింది. పక్క నుంచి చూస్తే పొరలు పుస్తకం అంచులా తిన్నగా కనబడతాయి. పెద్దమ్మ దాన్ని ముందుగదిలో అలమరలో పెట్టింది. పెద్దనాన్న గాలికి తలుపు కొట్టుకుంటోందని తీసి తలుపుకి అడ్డం పెట్టాడు. ఆ సాయంత్రం పై వాటాలో జరిగిన యుద్ధం కింద వాటా దాకా వినిపించింది. ఇప్పుడది అలమరలో తాళం వేసి ఉంది.

మరుసటి ఏడు ఆ కొత్త రెక్కలు ఎక్కిన గాలిమరలు చూడడానికి ఫ్యాక్టరీ వాళ్ళు బస్సు వేశారు. ఇంట్లోవాళ్ళని కూడా రమ్మన్నారు. నేనూ, పెద్దనాన్నా వెళ్ళాం. ఎత్తుపల్లాల నేల, పొట్టి గడ్డి, చెవులు కొట్టేసే గాలి. తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టే ఎత్తులో రెక్కలు తిరుగుతున్నాయి. బస్సు దిగగానే జట్టంతా గొడవ మొదలుపెట్టారు. "అది మనది." "కాదు, ఆ మూడోది మనది." "తిరుగుతుంటే ఎలా చెప్తావ్?"

ఒక గాలిమర ఆపి ఉంది. దాని అడుగున, నడుముకి తాళ్ళు, కొక్కేలు వేలాడేసుకున్న సన్నటి యువకుడు ఒకడు నీళ్ళు తాగుతున్నాడు. అతను అక్కడ మరమ్మతులు చేసే మనిషి. తాళ్ళ మీద వేలాడుతూ రెక్క అంచులు బాగుచేస్తాడు. ఇంజనీరు పరిచయం చేసింది, వీళ్ళు రెక్కలు చేసేవాళ్ళని.

అతను సీసా కింద పెట్టేశాడు.

"నేను పైకి ఎక్కినప్పుడు రెక్క లోపలికి దూరి చూస్తానండి. మొదలు దగ్గర్నుంచి, మనిషి పట్టినంత దూరం పాక్కుంటూ పోతాను, చేతిలో లైటు పట్టుకుని. లోపల రంగు ఉండదు కదా, బట్ట నేత అంతా కనబడుతుంది. చాలా ఊళ్ళలో చాలా రెక్కల్లో దూరాను. వీటిల్లో దారాలు గీత గీసినట్టున్నాయి. ఆ గుండ్రటి వంపు దగ్గర కూడా. ఎవరు పరుస్తారో అనుకునేవాణ్ణి."

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆవిడకి నోట మాట రాలేదు. మా ఇంట్లో పుట్టి పెరిగిన నాకు ఆ దృశ్యం అదే మొదటిసారి.

పెద్దనాన్న ముందుకొచ్చాడు. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి.

"మా ఆవిడ, ఆవిడ జట్టూను" అన్నాడు. "ముందు నా మీద పరిచి నేర్చుకుంది."

ఆ కుర్రాడికి అర్థం కాకపోయినా నమస్కారం పెట్టాడు. పెద్దమ్మ అతన్ని పైనుంచి కింది దాకా చూసింది, తాళ్ళూ కొక్కేలూ అన్నీ.

"భయం వెయ్యదా బాబూ, అంత ఎత్తున?"

"వేస్తుందండి. లోపలికి దూరాక వెయ్యదు."

పెద్దమ్మ అతని భుజం తట్టి, బస్సులోంచి భోజనాల సంచీ తెప్పించి, అతన్ని మా మధ్యన గడ్డి మీద కూర్చోబెట్టింది. అతను తింటున్నంతసేపూ ఆవిడ అడుగుతూనే ఉంది, లోపల ఎలా ఉంటుంది, వెలుగు ఎటు నుంచి వస్తుంది, గాలి చప్పుడు వినిపిస్తుందా అని. అతను అన్నీ చెప్పాడు. ఆవిడ మెడ నిటారుగా పెట్టి, కళ్ళు పైకెత్తి, ఒక్క మాట కూడా వదలకుండా వింది.